కలంకారీ ఊళ్లో నెల రోజులు: కళాకారుల నివాస శిబిరం ఎలా నడపాలి

ఆరుగురు చిత్రకారుల్ని ఒక నెలపాటు పల్లెలో ఉంచి, అక్కడి కలంకారీ పనివాళ్ల పక్కన కూర్చోబెట్టి పని చేయించాలనుకునేవాళ్ల కోసం ఇది రాశాం. శ్రీకాళహస్తి చుట్టుపక్కల పల్లెలు దృష్టిలో ఉన్నాయి. ఇక్కడిది కలంతో గీసే పని. పెడనలో అచ్చులతో అద్దే పనికి ఏర్పాట్లు వేరుగా ఉంటాయి, ఆ కొలతలు దీనికి పనికిరావు.

ఇలాంటి శిబిరాలు చెడేది బొమ్మల దగ్గర కాదు. పాలు వేళకు రాకపోవడం, నీళ్లు అయిపోవడం, ఎవరికెంత ఇవ్వాలో ముందు తేల్చుకోకపోవడం, ఈ మూడింటి దగ్గరే చెడతాయి. అందుకే బొమ్మల కంటే వీటి గురించే ఎక్కువ చెబుతున్నాం.

తేదీలు ముందు తేల్చండి

ఈ పనికి ఎండ కావాలి, పారే నీళ్లు కావాలి. రెండూ ఒకేసారి దొరికే రోజులు తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. అప్పుడు స్వర్ణముఖిలో నీళ్లుంటాయి గానీ గుడ్డ ఆరదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ మండిపోతుంది, ఏరు ఎండిపోతుంది, మధ్యాహ్నం ఎవరూ కూర్చోలేరు. సంక్రాంతి వెళ్లిన వారానికి మొదలుపెట్టడం అన్నిటికన్నా మంచిది. పండగ మూడు నాలుగు రోజులూ పనివాళ్లు కలం పట్టరు, పట్టమని అడగకూడదు కూడా.

రెండో చివర మహాశివరాత్రి ఉంటుంది. అది ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల మధ్య మారుతుంది. శ్రీకాళహస్తిలో బ్రహ్మోత్సవాలు జరిగే రోజుల్లో లాడ్జీలు నిండిపోతాయి, ఆటోలు దొరకవు, అమ్మకాలున్న పనివాళ్లకు తీరిక ఉండదు. శివరాత్రి తొందరగా వచ్చే ఏడాది నెల రోజులు ఆ మధ్యలో ఇరకవు. అప్పుడు ఉత్సవాలు ముగిశాక మొదలుపెట్టి, ఉదయం వేళలు పెంచుకోండి. మధ్యలో తెంపి మళ్లీ కలపడం మాత్రం వద్దు. తెగిన వారం తర్వాత సగం మంది తిరిగి రారు.

చోటు వెతికేటప్పుడు

మొదట అడగాల్సిన ప్రశ్న గదులు ఎన్ని అన్నది కాదు. ఊళ్లో అన్ని వీధులవాళ్లూ జంకు లేకుండా లోపలికి రాగలరా అన్నది. పెద్ద ఇల్లు చవగ్గా దొరికిందని ఒక పెద్ద కుటుంబం లోగిలిలో శిబిరం పెడితే, కొందరు గడప దాటరు. ఎందుకు రావడం లేదో మీకు ఎవరూ చెప్పరు కూడా. గుడి ఆవరణకూ ఇదే ఇబ్బంది. వాడకంలో లేని బడి భవనం, సామాజిక భవనం, ఊరి అంచున ఉన్న మామిడి తోటలో రేకుల షెడ్డు, ఇలాంటివి చూడండి. సర్పంచ్‌తో మాట్లాడాక ఎస్సీ కాలనీ పెద్దలతో కూడా విడిగా వెళ్లి మాట్లాడండి. భోజనాలు అందరికీ ఒకే వరసలో ఉంటాయని ఆ రోజే చెప్పేయండి. అభ్యంతరం ఉన్నవాళ్లు అప్పుడే బయటపడతారు. శిబిరం మధ్యలో బయటపడటం కన్నా అది నయం.

చోటులో ఉండాల్సినవి: నేల మీద కూర్చుని పని చేయడానికి ఒక్కొక్కరికి రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు. ఉత్తరం వైపు వెలుతురు. గుడ్డ పరిచి ఆరబెట్టడానికి దుమ్ము లేని ఎండ చోటు, కనీసం పది మీటర్ల పొడవు. అయిదుగురికి ఒకటి చొప్పున మరుగుదొడ్లు రెండు, లోపలి నుంచి గడియ పడేవి. ఆడవాళ్లు పడుకునే గదికి దగ్గరగా ఒకటి ఉండాలి, దారిలో లైటు ఉండాలి.

బల్లలు కొనకండి. పాత దుప్పటి మడతపెట్టి, దాని మీద గుడ్డ పరిచి గీస్తారు. కింద మెత్తగా ఉంటేనే కలం గుడ్డను గీరకుండా జారుతుంది. నేల మీద కూర్చోలేనివాళ్లకు అడుగు ఎత్తు పీట, దాని మీద దుప్పటి చాలు.

రాకముందే గ్రామ సచివాలయంలో, పోలీస్ స్టేషన్లో ఒక కాగితం ఇవ్వండి: ఎవరెవరు, ఎక్కడి నుంచి, ఎన్ని రోజులు. విదేశీయులు ఉంటే బస ఇచ్చినవాళ్లే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చెయ్యాలి. ఊళ్లో నెట్ ఆగిపోతుంది కాబట్టి, దానికి కావలసిన కాగితాలన్నీ ముందే తెప్పించి సిద్ధంగా పెట్టుకోండి.

డబ్బు మాట

నేర్పే గురువులు ఇద్దరు, గుడ్డ ఉతికి ఆరబెట్టే ఆడవాళ్లు ఇద్దరు, వంటమనిషి, ఆమెకు ఒక సాయం. అయిదో మనిషికీ ఆరో మనిషికీ ఇచ్చే డబ్బు గురించి ఎవరూ ముందు మాట్లాడరు, గొడవంతా అక్కడే వస్తుంది. ప్రతి ఒక్కరికీ రోజుకెంత, ఎన్ని గంటలు, భోజనం కలిపా విడిగానా, సెలవు రోజు కూలీ ఉందా లేదా, ఇవన్నీ తెలుగులో ఒక పేజీ రాసి, చదివి వినిపించి, ఇద్దరూ సంతకాలు చెయ్యండి. మొదటి రోజే వారం కూలీ ముందుగా ఇవ్వండి. ఆ తర్వాత ప్రతి శనివారం సాయంత్రం ఎవరి చేతిలో వాళ్లకు. ఒక పెద్దమనిషి చేతికి మొత్తం ఇచ్చి పంచమనడం ఎంత సులువుగా కనిపించినా చెయ్యకండి. ఉతికే ఆడవాళ్ల డబ్బు వాళ్ల ఇంటాయనకు ఇవ్వడం అంతకన్నా తప్పు.

గురువుల రోజు కూలీ లెక్కగట్టేటప్పుడు, ఆ రోజు వాళ్లు తమ సొంత గుడ్డ మీద పని చేసి ఉంటే ఎంత వచ్చేదో అడిగి, దానికన్నా తక్కువ కాకుండా చూడండి. నేర్పడం వాళ్లకు కొత్త కాదు. కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో 1957లోనే శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం మొదలైంది. ఆ పరంపరలో నేర్చుకున్నవాళ్లకు తమ పద్ధతి తమకుంది. మొదట గీత, తర్వాతే బొమ్మ, ఆ తర్వాతే రంగు. మీ అతిథులకు తొందరగా ఉందని ఆ వరస మార్చమనకండి.

ఇద్దరూ కలిసి చేసిన గుడ్డ ఎవరిది? బొమ్మ అతిథి వేసి, రంగు గురువు నింపితే? ముందే రాసుకోండి. మేం సూచించేది ఇది: గుడ్డ అంచున ఇద్దరి పేర్లూ తెలుగులో కసిమితో (ఇనుమూ బెల్లమూ పులియబెట్టి చేసే నల్ల సిరా) రాయాలి, అమ్మితే వచ్చింది చెరిసగం. గురువు చూపించిన పాత నమూనాలు ఫోటో తీసుకుని ఇంటికెళ్లి అచ్చు వేయించి అమ్మడం ఒప్పుకోకండి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. స్క్రీన్ ప్రింటింగ్ గుడ్డకు ఆ పేరు పెట్టడం చట్టం ప్రకారమూ తప్పే.

ఇరవై రోజులకు పైగా ముందు: కసిమి

నల్ల గీతకు వాడే కసిమి అప్పటికప్పుడు తయారవదు. అతిథులు వచ్చాక వేస్తే సగం శిబిరం ఎదురుచూపులోనే పోతుంది. ఆరుగురికి రెండు మట్టి కుండలు చాలు. ఒక్కో కుండలో:

నీళ్లు 5 లీటర్లు
తుప్పు పట్టిన ఇనప ముక్కలు, మేకులు అర కిలో
చెరకు బెల్లం 50 గ్రాములు
తాటి బెల్లం 50 గ్రాములు

ఇనప ముక్కల్ని నిప్పుల్లో కాల్చి, నూనె జిడ్డు పోయాక వెయ్యాలి. మూతికి పల్చని గుడ్డ కట్టండి. మూత బిగించకండి, పులిసేటప్పుడు గాలి బయటికి పోవాలి. నీడలో ఉంచి, మూడు రోజులకొకసారి కర్రతో కలపండి. ఎండాకాలంలో 15 రోజులు, చలికాలంలో 20 పైన పడుతుంది. ఒకటి చెడినా రెండోది మిగలాలని రెండు కుండలు. కుళ్లు వాసన వచ్చి పైన మందంగా బూజు కట్టిన దాన్ని పారబోయండి. పుల్లటి వాసన అయితే బాగున్నట్టు.

కరక్కాయ పట్టించిన ముక్క మీద గీత గీసి చూడండి. గీసినప్పుడు పల్చని గోధుమ రంగులో ఉండి, కొద్ది నిమిషాల్లో నల్లబడితే కసిమి సిద్ధం. ఇనుమూ కరక్కాయలోని వగరూ కలిస్తేనే ఆ నలుపు వస్తుంది కాబట్టి, ఉత్త గుడ్డ మీద గీసి చూస్తే ఏమీ తెలియదు. బూడిద రంగు దగ్గరే ఆగిపోతే ఇంకో నాలుగు రోజులు ఉంచండి. మరీ చిక్కనిది కూడా మంచిది కాదు. ఇనుము ఎక్కువైతే కొన్నేళ్లకు గీత వెంబడే గుడ్డ తినేసుకుపోతుంది. వడగట్టి, నీళ్లు కలిపి, నలుపు సరిపోయేంత మేరకే పల్చన చేసుకోండి.

కలాలు మొదటి రోజు గురువు దగ్గర కూర్చుని ఎవరివి వాళ్లే చేసుకోవాలి. వెదురు పుల్ల చివర చెక్కి, మొనకు అంగుళం పైన ఉన్ని గానీ పాత నూలు గుడ్డ గానీ చుట్టి, దారంతో బిగించాలి. ఆ ఉండ రంగు పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే మొనలోకి దిగుతుంది. ఒక్కొక్కరికి కనీసం మూడు: కసిమికి ఒకటి, పటికకు ఒకటి, రంగులకు ఒకటి. వాటికి వేరువేరు రంగు దారాలు చుట్టండి. కసిమి కలం పటిక గిన్నెలో ముంచితే ఆ గిన్నె మొత్తం పాడైనట్టే. అందులో ఇనుము చేరి, రావాల్సిన ఎరుపు మురికి గోధుమ రంగుగా వస్తుంది. ఈ తప్పు ఉడకబెట్టిన తర్వాతే కనబడుతుంది, అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

రెండు రకాల పాలు

పాలవాడికి రెండు లెక్కలు చెప్పండి. టీకీ పెరుగుకూ రోజుకు 4 లీటర్లు. గుడ్డకు విడిగా, చిక్కటి గేదె పాలు, నీళ్లు కలపనివి, కాయనివి. గుడ్డ పాలు వేరే క్యానులో రావాలి, ఆ క్యాను వంటింట్లోకి వెళ్లకూడదు. వంటమనిషి అలవాటు కొద్దీ కాచేస్తుంది, ఆమె తప్పు కాదు. క్యానుకు ఎర్ర గుడ్డ కట్టించండి.

ఆరుగురికి గాడా గుడ్డ (ముతక నూలు గుడ్డ) 40 మీటర్లు చాలు, సాధనకు కలిపి. ముందు గంజి పోయేలా ఉతికి, ఒక రాత్రి పేడ నీళ్లలో నానబెట్టి, మళ్లీ ఉతికి, రెండు మూడు రోజులు తడి చల్లుతూ ఎండలో పరిచితే తెల్లబడుతుంది. ఆ తర్వాత 5 మీటర్ల గుడ్డకు కరక్కాయ పొడి 200 గ్రాములు, పాలు లీటరు, నీళ్లు 3 లీటర్లు. ఇది మొదలుపెట్టడానికి ఒక కొలత మాత్రమే. ముందు జానెడు ముక్క ముంచి, ఆరబెట్టి, గీత గీసి చూడండి. గీత పక్కలకు పాకితే పాలు చాలలేదు. పాలలోని కొవ్వే రంగు పాకకుండా ఆపుతుంది. గీత అసలు దిగకుండా పైన నిలిచిపోతే పాలు ఎక్కువయ్యాయి.

పిండడం ఇద్దరి పని. చెరో కొస పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి, ఒకే బిగువుతో తిప్పాలి. వదులుగా పిండిన చోట పసుపు మరకలు మిగులుతాయి. అతిథుల్నీ ఊరివాళ్లనీ జతలుగా కలపడానికి ఇంతకన్నా మంచి పని లేదు. మాటలు రానివాళ్లు కూడా పది నిమిషాల్లో నవ్వుకుంటారు. పిండిన వెంటనే ఎండలో పరచాలి. మబ్బు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకండి. ఆరిన గుడ్డను ఎలుకలూ చీమలూ వెతుక్కుంటూ వస్తాయి కాబట్టి మూత ఉన్న రేకు పెట్టెలో పెట్టి, కొద్ది వారాల్లోనే వాడెయ్యండి.

వంటిల్లు, నీళ్లు

అతిథులూ మీవాళ్లూ కలిసి బస చేసేవాళ్లు పదిమంది, మధ్యాహ్నం గురువులూ ఉతికేవాళ్లూ కలిసి పద్నాలుగు మంది. బియ్యం మధ్యాహ్నం 2 కిలోలకు కాస్త పైన, రాత్రి కిలోంపావు. నెలకు 25 కిలోల బస్తాలు నాలుగు. కందిపప్పు 20 కిలోలు, నూనె 12 లీటర్లు. కూరగాయలు మూడు రోజులకొకసారి తెచ్చుకోండి, ఊరి తోటల్లో దొరికేవి ముందు కొనండి. వారానికి రెండు పూటలైనా రాగి సంగటి, చెనిక్కాయల పచ్చడి పెట్టించండి. వంటమనిషికి చేయి తిరిగిన వంట అదే. బయటివాళ్ల కోసమని ఆమెకు రాని వంటలు చేయించి, ఊరివాళ్లు ముట్టని భోజనం తయారు చెయ్యకండి. కారం తగ్గించి వండి, పక్కన పచ్చడి వేరుగా పెడితే అందరికీ కుదురుతుంది.

తాగడానికి 20 లీటర్ల క్యాన్లు రోజుకు రెండు, ఎండ ముదిరాక మూడు. స్నానానికీ వాడుకకూ మనిషికి 80 లీటర్ల లెక్కన 1000 లీటర్ల ట్యాంకు రోజూ ఒకసారి నిండాలి. వ్యవసాయ మోటారు మీద ఆధారపడుతుంటే, కరెంటు ఏ వేళల్లో ఇస్తున్నారో లైన్‌మన్‌ని అడిగి గోడ మీద రాసిపెట్టండి. గుడ్డ ఉతకడానికి ఏట్లో నీళ్లు లేకపోతే, పొలం బోరు దగ్గర కాలువలో పారే నీళ్లలో ఉతకాలి. ఆ రైతుతో కూడా ముందే మాట్లాడి, ఎన్ని గంటలకు ఎంతో తేల్చుకోండి. తొట్టిలో నిలవ నీళ్లలో ఉతికితే వదిలిన పటిక మళ్లీ గుడ్డకే పట్టి, తెల్లగా ఉండాల్సిన చోటంతా ఎర్ర మచ్చలు పడతాయి.

రంగు నీళ్లు చెరువులోకీ పశువులు తాగే తొట్టి వైపుకూ పోకూడదు. మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉన్న ఇంకుడు గుంట తవ్వి, కింద పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక నింపండి. బావికీ బోరుకూ కనీసం 15 మీటర్ల దూరంలో.

రోజు, వారం

ఆరింటికి టీ. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా గీత పని, చేయి వణకని వేళ అది. టిఫిన్. పది నుంచి పన్నెండున్నర దాకా ఆరబెట్టడం, ఉతకడం, రంగు కాయడం. భోజనం తర్వాత మూడున్నర దాకా ఎవరినీ ఏమీ అడగకండి. నాలుగు నుంచి ఆరు దాకా మళ్లీ గీత. పాత్రలు కడగడం, అంట్లు, ఊడ్చడం ఇద్దరిద్దరికి వంతులు వేసి పలక మీద రాయండి. ఈ వంతుల్లో నిర్వాహకుల పేర్లు కూడా ఉండాలి. ఆదివారం పని లేదు.

మొదటి వారం గుడ్డ తయారీ, కలం సాధన: నిలువు గీతలు, వంపులు, తామర రేకులు. బొమ్మ వద్దు. రెండో వారం అసలు గుడ్డ మీద చింతబొగ్గుతో గీసి, కసిమితో ఖాయం చెయ్యడం. మొదటిసారి చేసేవాళ్లు మీటరు చదరం దాటకూడదు. మూడు మీటర్ల రామాయణం మొదలుపెట్టినవాళ్లు మూడో వారానికి ఊరివాళ్లతో మాట్లాడటం మానేసి గుడ్డ మీదే వంగి ఉంటారు, అయినా పూర్తి కాదు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పట్టించి, రెండు రోజులు ఆరనివ్వాలి.

మూడో వారం ఉడకబెట్టే రోజు. పారే నీళ్లలో అదనపు పటిక వదిలించి, మంజిష్ఠ, సురుడు చెక్క, చవలకొడి వేరు లాంటి ఎరుపునిచ్చే వాటిలో గురువుగారు ఎంచినవి వేసి రాగి పాత్రలో కాయాలి. ఇనప పాత్ర వద్దు, ఎరుపు నల్లబడుతుంది. కర్రతో కదుపుతూనే ఉండాలి, గుడ్డ మడతపడిన చోట రంగు ఎక్కదు. ఆ తర్వాత మళ్లీ పేడ నీళ్లు, ఎండ, ఉతుకు. రంగులు నింపే ముందు గుడ్డను ఇంకోసారి పాలల్లో ముంచాలి. ఇది మరిచిపోతే నాలుగో వారం పసుపూ నీలీ గీత దాటి పారతాయి. పసుపు మీద నీలి వేస్తే ఆకుపచ్చ వస్తుంది కాబట్టి పసుపు ముందు.

ప్రతి శనివారం కూలీలు ఇచ్చాక తలుపులు తెరిచి ఉంచండి. దీన్ని ప్రదర్శన అనకండి, మైకు పెట్టకండి. దారానికి గుడ్డలు వేలాడదీసి, బొరుగులూ టీ పెట్టండి. పాత గుడి గుడ్డల్లో బొమ్మల కింద కథ తెలుగులో రాసి ఉంటుంది. గురువుల దగ్గర అలాంటిది ఉంటే తెప్పించి, ఊళ్లో చదవగలిగిన పెద్దవాళ్లతో పైకి చదివించండి. అప్పుడు అతిథులు వినేవాళ్లవుతారు, ఊరు చెప్పేదవుతుంది. పిల్లలు వస్తారు. వాళ్లకు కసిమి మాత్రం ఇవ్వకండి, ఆ మరక బట్టల మీద నుంచి పోదు. బొగ్గు, పాత గుడ్డ ఇవ్వండి. ఎవరి ఫోటో అయినా అడిగే తియ్యాలి, పిల్లలదైతే తల్లినో తండ్రినో అడగాలి.

రెండో వారం చివర ఒక నీరసం వస్తుంది. కొత్త పోతుంది, గీత ఇంకా కుదరదు, ఇల్లు గుర్తొస్తుంది, ఒకరి మాట ఒకరికి గుచ్చుకుంటుంది. దానికి ముందే చోటు ఉంచండి: పదమూడో రోజో పద్నాలుగో రోజో పని ఆపి, అందరూ కలిసి గురువుల ఇళ్లకు వెళ్లి వాళ్ల సొంత పని చూడటం. గొడవ వస్తే ఆ రాత్రే తేల్చకండి. పొద్దున టీ తర్వాత, ఆ ఇద్దరితో మాత్రమే, బయట నడుస్తూ మాట్లాడండి. ఎవరైనా ఊళ్లో తాగి వచ్చినా, ఆడవాళ్లతో తేడాగా మాట్లాడినా రెండో హెచ్చరిక ఉండదని మొదటి రోజే చెప్పి, ఆ మాట మీదే నిలబడండి. అతిథి వెళ్లిపోతాడు, ఆ పేరు ఊళ్లో మీకు ఉండిపోతుంది.

రాత్రి ప్రతి ఒక్కరి దగ్గరా టార్చి ఉండాలి, చెప్పులు దులిపి తొడగాలి. పాము కరిస్తే కట్లు బిగించడం, కోయడం, నాటు మందు ఏదీ వద్దు. కరిచిన కాలో చేయో కదపకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యండి. నెట్‌వర్క్ అందే చోటు ఏదో, రాత్రివేళ వచ్చే ఆటో ఎవరిదో తలుపు వెనక రాసి ఉంచండి.

చివరి మూడు రోజులు

ఆఖరి మూడు రోజుల్లో కొత్త రంగు మొదలుపెట్టకండి. ఉతికి, ఆరబెట్టి, పేర్లు రాయించి, లెక్కలు ముగించడానికే అవి సరిపోతాయి. అరువు తెచ్చిన గుండిగలు, చాపలు, రాగి పాత్ర ఎవరివి వాళ్లకు తోమి ఇవ్వండి. రాగి పాత్ర అడుగున రంగు చెక్క మిగిలితే చింతపండుతో రుద్దితే పోతుంది. మిగిలిన కసిమి పారబొయ్యకండి, వడగట్టి గురువుగారికి ఇస్తే వాళ్ల కుండలో కలుపుకుంటారు. ఇంకుడు గుంట పూడ్చి, మరుగుదొడ్లు కడిగించి, తాళాలు సర్పంచ్ ఎదురుగా అప్పగించండి.

శనివారాల్లో తీసిన ఫోటోలు వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి. అచ్చు వేయించి, నెల లోపల మీరే తీసుకెళ్లండి. గురువులకు, ఉతికిన అక్కలకు, వంటమనిషికి, పాలవాడికి, బోరు ఇచ్చిన రైతుకు ఎవరి ఇంటికి వాళ్లది. వచ్చే ఏడాది తేదీల మాట ఆ రోజే, వాళ్ల అరుగు మీద కూర్చుని అడగండి.